శాలువాలతో ఇల్లు గడుస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ప్రొద్దుటూరులో బీఏ హిస్టరీ రెండో సంవత్సరం చదువుతోంది. ఆదివారాలు లైబ్రరీలో, చుట్టుపక్కల ఊళ్లలో కడప జిల్లా చరిత్ర మీద మాట్లాడుతోంది. జనం బాగా మెచ్చుకుంటున్నారు. ఇక ఇదే నా వృత్తి అంటోంది. నేను బీఈడీ చేయమంటున్నాను. రోజూ ఇంట్లో గొడవే. ఏం చేయమంటారు?

జవాబు: డబ్బు విషయంలో మీ టెన్షన్ న్యాయమైనదే. ఊళ్లలో చరిత్ర గురించి మాట్లాడేవాళ్లకు దక్కేది ఒక శాలువా, ఒక మెమెంటో, నిర్వాహకులకు గుర్తుంటే బస్సు ఖర్చులు. నాకు తెలిసిన ఒక రిటైర్డ్ లెక్చరర్ ఇంట్లో బీరువా నిండా శాలువాలే. ఇల్లు గడిచింది మాత్రం కాలేజీ జీతంతోనే.

అలాగని అమ్మాయిని ఆపకండి. ఒక్క మాట అడిగి చూడండి. మీ జిల్లాలోని కలమళ్ల శాసనం గురించి ఆమె చెప్పే ఉంటుంది. క్రీ.శ. 575 ప్రాంతంలో, కడప వైపు రేనాడును ఏలిన రేనాటి చోళుడు ఎరికల్ ముతురాజు ధనంజయుడి కాలంలో వేసినదని, పూర్తిగా తెలుగులో దొరికిన శాసనాల్లో మొదటిదని పండితులు చెబుతారు. ఇంతవరకు ఫోన్‌లో చూసి ఎవరైనా చెప్పగలరు. ఆ రాయి ముందు కూర్చుని అక్షరాలు తనంతట తాను చదవగలదా? ఆరో శతాబ్దం లిపి మన వాచకంలోని తెలుగులా ఉండదు. మనం ఎప్పుడో వదిలేసిన అక్షరాలు అందులో ఉంటాయి. ‘రేనాణ్డు ఏళన్’ అని కనబడితే అది ‘రేనాడు ఏలగా’ అని తెలియడానికి లిపితో పాటు పాత భాష కూడా రావాలి.

అది చేతికొస్తే ఆమె మాటకు బరువు వస్తుంది. శాసనానికి నకలు తీయడం కూడా నేర్చుకోవాలి. రాయి శుభ్రం చేసి, తడి కాగితం పరిచి, బ్రష్‌తో కొడుతూ అక్షరాల గుంటల్లోకి దించి, పైన సిరా అద్దుతారు. నల్లటి కాగితం మీద అక్షరాలు తెల్లగా తేలతాయి. దీన్ని ఎస్టాంపేజీ అంటారు. పుస్తకం చూసి వచ్చేది కాదు, తెలిసినవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోవాలి. రక్షిత కట్టడాల దగ్గరైతే పురావస్తు శాఖ అనుమతి తీసుకోవాలి, ఉత్సాహంలో ఇది మరిచిపోతుంటారు.

చదువు సంగతి. కడప యోగి వేమన యూనివర్సిటీలోనే హిస్టరీ, ఆర్కియాలజీ విభాగం ఉంది, ఇంటికి దూరం కాకుండా ఎంఏ చేయొచ్చు. ఆ తర్వాత నెట్ రాయాలి, అది లెక్చరర్ అర్హతకూ పరిశోధన ఫెలోషిప్‌కూ పెట్టే జాతీయ పరీక్ష. అందులో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం. డిగ్రీ లెక్చరర్ పోస్టులకూ నెట్ పనికొస్తుంది. తవ్వకాల వైపు మనసు పోతే గ్రేటర్ నోయిడాలోని పండిత్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్కియాలజీ పీజీ డిప్లొమా ఉంది. సీట్లు చాలా తక్కువ, పోటీ గట్టిగా ఉంటుంది.

శాసనాలే లోకమనుకుంటే, కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగం ప్రధాన కార్యాలయం మైసూరులో ఉంది. ఆ పోస్టులకు ఏ పీజీ అడుగుతారో పాత నోటిఫికేషన్లు తీసి ఇప్పుడే చూడమనండి. సంస్కృతం లేదా ద్రావిడ భాషలు అడగొచ్చు. అలా ఉంటే ఏ పీజీ చేయాలన్న లెక్కే మారిపోతుంది. ఎంఏ అయ్యాక తెలిసి బాధపడ్డ పిల్లలను చూశాను.

బీఈడీ చేయడం తప్పేమీ కాదు. కానీ డిగ్రీ అవగానే ఇష్టం లేకుండా పంపితే రెండేళ్లు పోతాయి, ఆమె మనసూ విరుగుతుంది. ఎంఏ అయ్యాక అవసరమనిపిస్తే చేయనివ్వండి. ఇంకో సంగతి, గ్రూప్స్ కోచింగ్ సెంటర్లలో ప్రాంతీయ చరిత్ర బాగా చెప్పేవాళ్లకు మంచి గిరాకీ. మాట్లాడే అలవాటు అక్కడ నిజంగానే డబ్బవుతుంది. పెద్ద గొప్పగా చెప్పుకునే దారి కాకపోయినా చేతిఖర్చులకు లోటుండదు.

ఈ సెలవుల్లో మీరూ ఒక పూట తీరిక చేసుకోండి. కలమళ్ల మీకు దగ్గరే, ఎర్రగుంట్ల మండలం. అచ్చయిన శాసన పాఠం జిరాక్స్ తీసుకుని అమ్మాయితో వెళ్లండి. గుడి ఆవరణలో ఆ రాయి ముందు నిలబడి, కాగితం మీ చేతిలో పెట్టుకుని, ఆమెను చదవమనండి.