వెలుగూ కరెంటూ కలిపి కెమిస్ట్రీ: పాపను పంపొచ్చా?

ప్రశ్న: మాది చిత్తూరు. మా పాప తిరుపతిలో బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం. కాంతి, కరెంటు రెండూ వాడి మందుల అణువులు తయారుచేసే పరిశోధన చేస్తానంటోంది. బీఈడీ చేసి టీచరైతే చాలదా అని నేను. ఏం చేయమంటారు?

జవాబు: బీఈడీ తర్వాతైనా చేయొచ్చండీ, ముందు పాప మాట వినండి. ఆమె చెప్పేది గాలికబురు కాదు.

కొత్త అణువులు తయారుచేసేటప్పుడు, ఉన్న అణువు నుంచి ఎలక్ట్రాన్ లాగడానికి మామూలుగా ఘాటైన ఆక్సీకరణ రసాయనాలు వాడతారు. పనయ్యాక అవి వ్యర్థమై మిగులుతాయి. ఆ పని కరెంటుతోనూ అవుతుంది. కానీ బెంజీన్ లాంటి మొండి అణువు కదలాలంటే వోల్టేజీ బాగా పెంచాలి, దాంతో సున్నితమైన భాగాలు చెడిపోతాయి. 2019లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో లాంబర్ట్ అనే కెమిస్ట్రీ పరిశోధకుడి బృందం దీనికో ఉపాయం చూపింది. తక్కువ వోల్టేజీతో ఉత్ప్రేరకం నుంచి ఒక ఎలక్ట్రాన్ తీసి, దానిమీద కంటికి కనిపించే మామూలు కాంతి వేశారు. ఆ వెలుగుతో దానికి ఎంత బలం వచ్చిందంటే, బెంజీన్ నుంచే ఎలక్ట్రాన్ లాగేసింది.

అలాగని ఫార్మా కంపెనీలు రేపే ఎగబడవు. పెద్ద రియాక్టర్లో వెలుగు గోడ పక్కనే ఇంకిపోతుంది, నడిమికి చేరదు. అందుకే సన్నటి గొట్టాల్లో ద్రవాన్ని పారిస్తూ చేసే ఫ్లో పద్ధతి మీద పని జరుగుతోంది. అది చేతికి వచ్చినవాళ్లకు ముందుముందు గిరాకీ ఉంటుందని నా అంచనా.

పాపకు చెప్పాల్సింది ఒకటుంది. ఆర్గానిక్ కెమిస్ట్రీ ఇష్టపడే పిల్లలు చాలామంది నెర్న్‌స్ట్ సమీకరణం బట్టీపట్టి ఎలక్ట్రోకెమిస్ట్రీని, అంటే కరెంటుకూ రసాయన చర్యలకూ ఉన్న సంబంధం చెప్పే శాస్త్రాన్ని, వదిలేస్తారు. ఇక్కడ అలా కుదరదు. సైక్లిక్ వోల్టామెట్రీ (వోల్టేజీ పెంచుతూ, తగ్గిస్తూ కరెంటు కొలిచే పరీక్ష) గ్రాఫ్ చూసి, ఏ శిఖరం ఎందుకొచ్చిందో చెప్పగలగాలి.

ఐఐటీల ఎమ్మెస్సీకి ఫిబ్రవరిలో జరిగే జామ్ ప్రవేశపరీక్ష రాయాలి. ఏర్పేడు దగ్గరే ఐఐటీ ఉంది, ఊరు దాటి పంపాలన్న బెంగ అక్కర్లేదు. ఎస్వీయూకైతే ఏపీ పీజీసెట్. ఆ తర్వాత సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే, పీహెచ్‌డీలో చేరాక నెలకు రూ.37,000, ఇంటద్దె అలవెన్సు వేరే. ఎలక్ట్రోకెమిస్ట్రీకే ప్రత్యేకంగా తమిళనాడులో కారైక్కుడిలో సెక్రి అనే పరిశోధన సంస్థ ఉంది.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు గైడును ఎంచుకునేముందు, ఆ ల్యాబ్‌లో పొటెన్షియోస్టాట్ (ఇలాంటి ప్రయోగాల్లో వోల్టేజీని అదుపులో ఉంచే పరికరం) ఉందా, ఉంటే పిల్లల్ని ముట్టుకోనిస్తారా అని సీనియర్లను అడగమనండి. కొన్నిచోట్ల అది బీరువాలోనే ఉంటుంది మరి!