సెంట్రల్ కలహారిలో జంతువులను చూడాలంటే ఏ కాలంలో వెళ్లాలి?

బోట్స్వానాలోని సెంట్రల్ కలహారి గేమ్ రిజర్వ్‌కు వానాకాలంలోనే, అంటే సుమారు డిసెంబర్ నుంచి ఏప్రిల్ మధ్య వెళ్లాలి.

దాదాపు 52,800 చదరపు కిలోమీటర్ల ఈ రిజర్వ్‌లో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. ఉన్నవి ఏనాడో ఎండిపోయిన నదుల లోయలు. వానలు పడగానే వాటిలో మంచి పోషకాలున్న పొట్టి గడ్డి మొలుస్తుంది. దాని కోసం మేత జంతువులు, వాటి కోసం వేట జంతువులు వస్తాయి. డిసెప్షన్ వ్యాలీనే చూడండి: ఆ నెలల్లో స్ప్రింగ్‌బాక్, జెమ్స్‌బాక్ జింకల మందలు అక్కడ చేరతాయి. నల్లజూలు సింహాలు, చీతాలు వాటి వెంటే ఉంటాయి.

ఆఫ్రికాలో ఎక్కడైనా పొడి కాలమే మేలని చాలామంది అనుకుంటారు. నది ఉన్న చోబే నేషనల్ పార్కులో (ఇదీ బోట్స్వానాలోనిదే) అది నిజమే, జంతువులన్నీ నీటి దగ్గరికి వస్తాయి. ఇక్కడ మాత్రం అప్పుడు చాలావరకు చెల్లాచెదురవుతాయి. బోరు నీటి గుంటల దగ్గర కొన్ని కనిపిస్తాయంతే. జెమ్స్‌బాక్‌లైతే అడవి పుచ్చకాయలు, దుంపల్లోని తేమతోనే నెట్టుకొస్తాయి.

వానాకాలంలో జిగట మట్టిలో బండి దిగబడే ప్రమాదం మాత్రం నిజం. లోపల పెట్రోల్ బంకు, దుకాణం ఉండవు. అందుకే ఫోర్ బై ఫోర్ బండి, నీళ్లు, ఇంధనం తప్పనిసరి. ఒంటరి బండిలో వెళ్లకపోవడమే మంచిది.