మిక్చర్ నట్టు ముట్టుకునే ముందు

అల్లుడికి, ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. ఏళ్ల తరబడి కవరు కింద పడి ఉన్న డాట్సన్ 240జెడ్ స్పోర్ట్స్ కారును లేపి రోడ్డెక్కించావని చదివి నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. కాకపోతే లీటరుకు 5 కిలోమీటర్లు కూడా రావట్లేదనీ, అడిగితే అందరూ "పాత సిక్స్ సిలిండర్ కదా, అది అంతే" అంటున్నారనీ రాశావు. అది అంతే కాదు. 2393 సీసీల ఆ ఇంజిన్ ఆరోగ్యంగా ఉంటే మామూలు వాడకంలో 8, 9 ఇస్తుంది. ఖాళీ హైవే మీద ఒకే వేగంతో పోతే 10 దాకా వస్తుంది. నీకు 5 వస్తోందంటే పోసిన పెట్రోల్లో సగం దాకా దండగ అవుతోందన్నమాట.

ఉత్తరం చివర "మిక్చర్ కాస్త తగ్గించి చూడనా మామయ్యా?" అని, అంటే గాలిలో కలిసే పెట్రోల్ పాలు తగ్గించనా అని అడిగావు చూడు, ఇంత పొడుగ్గా రాస్తున్నది ఆ మాట చూసే. వద్దు. ఇప్పుడే వద్దు. అది అన్నీ అయ్యాక చేసే పని.

ఎందుకో చెప్తాను. యాభై ఏళ్ల బండి అంటే అది ఎన్ని చేతులు మారి ఉంటుందో ఆలోచించు. ఒకరి చేతిలో ఉన్నప్పుడు సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్ గొట్టాల అతుకులోని గాస్కెట్ దగ్గర గాలి లీకై, ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా నిలబడి ఉండగా, ఇంజిన్ వణికి ఉంటుంది. ఆయన గాస్కెట్ మార్చకుండా మిక్చర్ పెంచాడు, వణుకు తగ్గింది. తర్వాతి ఆయన దగ్గర గాలీ పెట్రోలూ కలిపే కార్బ్యురేటర్‌లో పిస్టన్ దూకుడును ఆపే డాంపర్ ఆయిల్ అయిపోయి, యాక్సిలరేటర్ తొక్కగానే బండి తడబడింది. ఆయనా ఇంకాస్త పెంచాడు. ఆ తర్వాత టైమింగ్, అంటే ప్లగ్గులో నిప్పు పడే వేళ, వెనక్కి పోయి పికప్ పడిపోతే ఇంకొకాయన మళ్లీ పెంచాడు. ప్రతి లోపం మీదా ఒక పొర పెట్రోల్ పూసుకుంటూ వచ్చారు. ఇవాళ నువ్వు ఆ పొరను గీకేస్తే మైలేజీ రాదు, దాని కింద దాక్కున్న లోపాలన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. లోపాలు ముందు తీసెయ్యి, ఆ తర్వాత మిక్చర్ తగ్గించుకో. ఈ వరస తప్పకూడదు.

వరస తప్పితే ఏమవుతుందో నేను స్వయంగా చూశాను. నా 4.2 లీటర్ల జాగ్వార్ ఈ-టైప్ అప్పట్లో 5 దగ్గరే తిరిగేది. దానికి ఎస్‌యూ అనే బ్రిటిష్ రకం కార్బ్యురేటర్లు మూడు. ఒక సాయంత్రం కూర్చుని మూడింటినీ కొంచెం కొంచెం లీన్ చేశాను, అంటే పెట్రోల్ పాలు తగ్గించాను. మర్నాడు బండి హాయిగా నడిచింది, మైలేజీ కూడా పెరిగింది. వారం తర్వాత రెండు గంటల పాటు గట్టిగా తోలిన ప్రయాణంలో ఇంజిన్ చప్పుడు మారింది. ఆరు సిలిండర్ల ఇంజిన్ మెత్తగా, ఒకే తీగలా పలుకుతుందే, ఆ తీగలో ఒక ముడి పడ్డట్టు వినిపించింది. ఇంటికొచ్చి కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి నొక్కుడు బలం, చూస్తే ఐదు సిలిండర్లు ఒకలా ఉన్నాయి, ఆరోదానిలో సగం కూడా లేదు. హెడ్ విప్పితే, పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు ఎలుక కొరికినట్టు కాలిపోయి ఉంది. ఆ సిలిండర్ దగ్గరే మానిఫోల్డ్ గాస్కెట్ లీకు కూడా కనిపించింది. మిగతా ఐదింటికీ ఎక్కువైన పెట్రోలే ఇన్నాళ్లూ ఆ ఒక్కదాన్నీ కాపాడుతూ వచ్చింది. నేను దాన్ని తగ్గించేశాను. మిక్చర్ పల్చనైతే మంట నెమ్మదిగా కాలుతుంది, ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకునే వేళకు కూడా ఇంకా కాలుతూనే ఉంటుంది. ఆ వేడంతా వాల్వ్ భరించాలి. పాపం అది భరించలేకపోయింది. ఆ వాల్వ్‌ను ఇప్పటికీ దాచి ఉంచాను.

అలాగని ఎక్కువ పెట్రోల్‌తో అలాగే తోలమనీ కాదు. ఖర్చు మాట అటుంచు, కాలకుండా మిగిలిన పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. ఆయిల్ లేని గోడ మీద రింగులు అరిగిపోతాయి. అలా జారిన పెట్రోల్ కింద ఆయిల్ నిలిచే సంపులోకి చేరి ఆయిల్‌నే పల్చన చేస్తుంది. డిప్‌స్టిక్ బయటికి లాగి వాసన చూడు. పెట్రోల్ వాసన గుప్పుమంటే ముందు ఆ ఆయిల్ మార్చు. మైలేజీ గురించి నేనింత పట్టుదలగా చెప్పేది అందుకే, అది ఇంజిన్ ఆయుష్షుకు సంబంధించిన సంగతి.

మొదట నీ 5 అనే లెక్క నిజమో కాదో తేల్చు. ట్యాంకు నిండా పోయించి, మళ్లీ అదే బంకులో నిండా పోయించి లెక్కకట్టు. ఒక ట్యాంకు లెక్క నమ్మకు, మూడు ట్యాంకుల సగటు తీసుకో. ఓడోమీటర్‌ను ఫోన్‌లోని జీపీఎస్‌తో ఒక 50 కిలోమీటర్లు పోల్చి చూడు. ఎవరైనా అసలు సైజు కంటే ఎత్తైన టైర్లు వేసి ఉంటే, బండి నడిచిన దూరం కంటే మీటర్ తక్కువ చూపిస్తుంది, లేని నష్టం కనబడుతుంది. అలాగే పాత పత్రికల్లో "గాలన్‌కు 24 మైళ్లు" అని చదివి కంగారు పడకు. అది బ్రిటిష్ గాలన్ అయితే 4.546 లీటర్లు, అమెరికన్ గాలన్ అయితే 3.785. బ్రిటిష్ లెక్కలో 24 అన్నా, అమెరికన్ లెక్కలో 20 అన్నా ఒకటే, రెండూ లీటరుకు దాదాపు 8.5 కిలోమీటర్లే. ఈ తేడా తెలియక చాలామంది తమ బండిలో ఏదో లోపం ఉందని బెంగపడతారు.

లెక్క నిజమే అని తేలితే ఇగ్నిషన్‌తో, అంటే నిప్పు పుట్టించే భాగాలతో, మొదలుపెట్టు. నా అనుభవంలో కార్బ్యురేటర్ జబ్బులు అనుకున్న వాటిలో చాలా మటుకు, ప్లగ్గులకు వరసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లోనే దొరికాయి. దానిలో కరెంటును కలిపి విడదీసే కాంటాక్ట్ పాయింట్ల మడమ అరిగేకొద్దీ గ్యాప్ మూసుకుపోతుంది, గ్యాప్ తగ్గేకొద్దీ టైమింగ్ వెనక్కి జరుగుతుంది. ఎవరూ ముట్టుకోకుండానే బండి నెలనెలా మందగించేది ఇలాగే. గ్యాప్ సరిచేశాకే టైమింగ్ పెట్టు, ముందు పెడితే మళ్లీ మారిపోతుంది. టైమింగ్ లైట్ పట్టుకుని మెల్లగా రేస్ చెయ్యి. పుల్లీ మీద గుర్తు సాఫీగా ముందుకు జరిగి, వదిలితే సాఫీగా వెనక్కి రావాలి. జెర్క్‌తో కదిలినా, అసలు కదలకపోయినా వేగాన్ని బట్టి టైమింగ్‌ను ముందుకు జరిపే లోపలి బరువులు ఎండిన గ్రీజులో ఇరుక్కున్నట్టే.

ఇక నేను నీ చేత తప్పకుండా చేయించాలనుకునే పరీక్ష ఒకటుంది. దానికి ఏ పరికరమూ అక్కర్లేదు. డిస్ట్రిబ్యూటర్ పక్కన గుండ్రటి రేకు డబ్బాలా వాక్యూమ్ అడ్వాన్స్ ఉంటుంది. దాని సన్నటి గొట్టాన్ని కార్బ్యురేటర్ వైపు ఊడదీసి, తుడిచి నోట్లో పెట్టుకో. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి లోపలి ప్లేటు మీద కన్నేసి గాలి పీల్చు. ప్లేటు కొద్దిగా తిరగాలి. వెంటనే గొట్టం చివర నాలుకతో మూసెయ్యి. ప్లేటు ఉన్నచోటే నిలిచిపోవాలి. ఎంత పీల్చినా గాలి వస్తూనే ఉందంటే లోపలి డయాఫ్రం చిరిగిందన్నమాట. ఇది హైవే మైలేజీకి ప్రాణం లాంటిది. యాక్సిలరేటర్ కొద్దిగా మాత్రమే తొక్కి పోతున్నప్పుడు సిలిండర్లో గాలీ పెట్రోలూ పల్చగా ఉంటాయి, అవి అంటుకుని కాలడానికి ఎక్కువ సమయం కావాలి, కాబట్టి నిప్పు ఇంకా ముందే పడాలి. దాన్ని అలా ముందుకు తెచ్చేది ఈ డబ్బాయే. ఇది పోయినా బండి స్టార్టవుతుంది, ఐడిల్ చేస్తుంది, ఫుల్ థ్రాటిల్‌లో బాగానే లాగుతుంది. అందుకే దశాబ్దాల పాటు ఎవరికీ అనుమానం రాదు.

ఇగ్నిషన్ అయ్యాక వాల్వ్ గ్యాపులు చూడు. నీ ఇంజిన్‌కు వేడిగా ఉన్నప్పుడు ఇన్‌లెట్ 0.25, ఎగ్జాస్ట్ 0.30 మిల్లీమీటర్లు. ఆరు సిలిండర్ల కంప్రెషన్ కాగితం మీద రాసుకో. ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు వదలని థర్మోస్టాట్ ఉందో లేదో కూడా చూడు. వేడెక్కుతోందని దాన్ని పీకి పారేసినవాళ్లు చాలామంది. అది లేని ఇంజిన్ ఎంత దూరం పోయినా చల్లగానే ఉంటుంది, చల్లటి ఇంజిన్‌లో పెట్రోల్ సరిగ్గా ఆవిరవదు. 82 డిగ్రీలది వెయ్యి.

అప్పుడు కార్బ్యురేటర్ల దగ్గరికి రా. నీ బండికి ఉన్నవి ఎస్‌యూ తరహాలో హిటాచీ చేసిన జంట. ఈ ఏర్పాటంటే నాకు ప్రాణం, ఎందుకో చెప్పనివ్వు. నీ ఇంజిన్ ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లలో నిప్పు పడే వరస, 1-5-3-6-2-4. ముందు కార్బ్యురేటర్ 1, 2, 3 సిలిండర్లకు, వెనకది 4, 5, 6కు. ఇప్పుడు వరస చదివి చూడు: ముందు, వెనక, ముందు, వెనక, ముందు, వెనక. ఒకటి ఊపిరి వదిలేలోగా రెండోది పీల్చుకుంటుంది, ఏ ఒక్కదానికీ వెంటవెంటనే రెండు సార్లు పని పడదు. ఇంత చక్కటి జోడీని తీసేసి మూడు పెద్ద వెబర్ కార్బ్యురేటర్లు పెట్టించమని నీకు సలహా ఇచ్చేవాళ్లు వస్తారు. చప్పుడు బాగుంటుంది, నిజమే. జెట్లు, అంటే పెట్రోల్ వదిలే రంధ్రాలు, సరిగ్గా కుదరడానికి నెలలు పడుతుంది, పెట్రోల్ మాత్రం మొదటి రోజు నుంచే పెరుగుతుంది. నువ్వు కోరుకునేది మైలేజీ అయితే వాటి జోలికి పోకు.

ఈ కార్బ్యురేటర్లలో చోక్ అంటే గాలి మూసే తలుపు కాదు, కింద ఉన్న జెట్‌నే కిందికి దించుతుంది, దాంతో పెట్రోల్ ఎక్కువ వస్తుంది. గేరు పక్కనున్న చోక్ లివర్ మామూలు చోటికి తెచ్చేసినా జెట్ పైకి తిరిగి రాకపోవచ్చు. పెట్రోల్ నిలిచి ఉండే ఫ్లోట్ చాంబర్ నుంచి జెట్‌కు వచ్చే చిన్న గొట్టం వయసుతో బిరుసెక్కి దాన్ని కిందే పట్టుకుంటుంది. చోక్ పూర్తిగా వదిలేసి, కార్బ్యురేటర్ కింద చెయ్యి పెట్టి, జెట్ అడుగును వేలితో పైకి నొక్కు. ఏమాత్రం పైకి కదిలినా దొంగ దొరికినట్టే. ఇన్నాళ్లూ నువ్వు సగం చోక్‌తో తిరిగావన్నమాట. నీ 5 కిలోమీటర్ల లెక్క చదవగానే నా అనుమానం ముందు దీని మీదికే పోయింది. రెండూ చూడు, ఒకటి చూసి ఊరుకోకు.

పైన మూత విప్పి డాంపర్లలో పల్చటి 20 నంబరు ఆయిల్ పొయ్యి. ఫ్లోట్ చాంబర్ల చుట్టూ తడి ఉందేమో చూడు. తడి ఉంటే మైలేజీ సంగతి తర్వాత, అది నిప్పు ప్రమాదం. ఇప్పటి పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను తినేస్తుంది, కాబట్టి గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునే కొత్తవి వేయించు. ఇథనాల్ 10 శాతం ఉంటే మైలేజీలో పోయేది 3 శాతమే, నష్టమంతా దాని మీదికి తోసేయకు.

జెట్లు, వాటిలో ఆడే సూదులు కూడా అరుగుతాయి. జెట్ రంధ్రం గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తే ఎంత సర్దినా లాభం లేదు, రెండూ మార్చు. గాలి ఫిల్టర్ డబ్బా తీసి, ఒక రబ్బరు గొట్టం చెవి దగ్గర పెట్టుకుని రెండో చివర ఒక్కో కార్బ్యురేటర్ నోటి దగ్గర పెట్టు. రెండింటిలో 'స్స్' మనే శబ్దం సమానంగా వినిపించే దాకా థ్రాటిల్ సర్దు.

ఇదంతా అయ్యాకే జెట్ కింద ఉండే మిక్చర్ నట్టు. పూర్తిగా పైకి తిప్పి, అక్కణ్నుంచి రెండున్నర చుట్లు కిందికి దించు. ఇంజిన్ బాగా వేడెక్కాక, సన్నటి స్క్రూడ్రైవర్‌తో ఒక కార్బ్యురేటర్ పిస్టన్‌ను మిల్లీమీటరు మేర లేపు. ఇంజిన్ స్పీడు పెరిగి అలాగే ఉంటే రిచ్, అంటే పెట్రోల్ ఎక్కువ. తడబడి ఆగబోతే లీన్. లేశమాత్రం పెరిగి మళ్లీ మామూలైతే సరిపోయింది. ఒక్కసారికి నట్టు ఒక పలక మాత్రమే తిప్పు, తిప్పినదల్లా రాసుకో.

నీ స్నేహితుడి ట్రయంఫ్ టీఆర్6 కారు గురించి కూడా అడిగావు. అతనిది లూకాస్ మెకానికల్ ఇంజెక్షన్ ఉన్న బ్రిటిష్ మోడల్ అయితే దారి వేరు. అది ఎంత పెట్రోల్ పంపాలో మానిఫోల్డ్ వాక్యూమ్ చూసి నిర్ణయించుకుంటుంది. ఎక్కడైనా గాలి లీకై వాక్యూమ్ పడిపోతే, డ్రైవర్ గట్టిగా తొక్కుతున్నాడనుకుని ఇంకా కుమ్మరిస్తుంది. ముందు లీకులు వెతకమను. బండికి ఓవర్‌డ్రైవ్, అంటే హైవే కోసం అదనపు గేరు, ఉంటే అది పనిచేసేలా చేయించుకోమను. అది పడగానే ఇంజిన్ తిరుగుడు దాదాపు ఐదో వంతు తగ్గుతుంది.

బ్రేకులు పట్టేస్తున్నాయేమో, టైర్లలో గాలి సరిగ్గా ఉందేమో నీకు వేరే చెప్పక్కర్లేదు. తోలడంలో ఒక్కటే చెప్తాను. రెండు కిలోమీటర్ల పనికి ఈ బండి తియ్యకు. ఇంజిన్ వేడెక్కేలోగా ఆపేస్తే ఎంత ట్యూన్ చేసినా 5 దాటదు. వారానికి ఒకసారి తీసినా పర్లేదు, గంట సేపు తోలు.

ఈ ఆదివారం ఏమీ సర్దకు. జెట్ పరీక్ష, నోటితో పీల్చే పరీక్ష రెండే చెయ్యి. తర్వాత హైవే మీద అరగంట ఒకే వేగంతో పోయి, పక్కన ఆపి, ఐడిల్ చేయించకుండా ఇంజిన్ కట్టెయ్యి. చల్లారాక ఆరు ప్లగ్గులూ తీసి, సిలిండర్ల వరసలో తెల్లకాగితం మీద పేర్చి, నంబర్లు వేసి ఫోటో తీసి పంపు. ఒకటో నంబరు రేడియేటర్ వైపుది. 1, 2, 3 నల్లగా ఉండి మిగతావి గోధుమ రంగులో ఉంటే ముందు కార్బ్యురేటర్ సంగతి చూద్దాం. ఆరూ మసి పట్టి ఉంటే వేరే కథ. ఒక్కటే తెల్లగా కనిపిస్తే మాత్రం బండి మళ్లీ స్టార్ట్ చెయ్యకుండా నాకు ఫోన్ చెయ్యి.

నీ మామయ్య