రాత్రంతా సిమ్యులేషన్, పగలంతా ఉద్యోగం

ప్రశ్న: మా అబ్బాయికి 29 ఏళ్లు. ఆరేళ్లుగా మెకానికల్ ఇంజినీరుగా పని చేస్తున్నాడు. ఏడాది నుంచి రాత్రిళ్లు హుడిని అనే విజువల్ ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పడుతున్నాడు. ఇప్పుడు ఉద్యోగం మానేసి ఆరు నెలల కోర్సులో చేరతానంటున్నాడు. హుడిని మంచిదా, బ్లెండర్ మంచిదా? ఈ వయసులో మారి నిలదొక్కుకోగలడా?

జవాబు: అడిగినవి రెండు ప్రశ్నలు. నిద్ర పట్టనివ్వనిది మూడోది: నెలనెలా వచ్చే జీతాన్ని మావాడు చేజేతులా వదులుకుంటాడేమో అని. ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. సాఫ్ట్‌వేర్ పేర్లు మారుతుంటాయి, భయం అదే.

సాఫ్ట్‌వేర్ సంగతి ముందు తేల్చేద్దాం. బ్లెండర్ పూర్తిగా ఉచితం, నీరూ పొగా అందులోనూ చేయవచ్చు. కానీ పెద్ద స్టూడియోల్లో నీళ్లు, నిప్పు, కూలే భవనాలు చేసే విభాగాలు ఎక్కువగా అడిగేది హుడినినే. దాని అప్రెంటిస్ వెర్షన్‌కు డబ్బు కట్టనక్కర్లేదు. రెండర్, అంటే చివరగా వచ్చే చిత్రం, 1280×720 పిక్సెళ్లు దాటదు, మీద వాటర్‌మార్క్ పడుతుంది, దానితో సంపాదించకూడదు. నేర్చుకోవడానికి ఇది చాలు. మీవాడు హుడినిలోనే ఉండనివ్వండి.

నాకు అనుమానమల్లా ఆ ఆరు నెలల కోర్సు మీద. ఇలాంటి కోర్సుల నుంచి వచ్చే షోరీళ్లు, అంటే పని చూపించుకునే వీడియోలు, చూసి చూసి విసుగొచ్చింది. అదే స్తంభం అదే చోట విరుగుతుంది, అదే గ్లాసు అలాగే పగులుతుంది, ఎందుకంటే అందరూ తెరిచింది ఒకే పాఠం ఫైలు. ఒక కుర్రాడు పదంతస్తుల భవనం కూలే షాట్ చూపించాడు. భవనం అగ్గిపెట్టెలా టపీమని పడిపోయింది. మూడు వారాలు దుమ్ము రంగు మార్చాడట, పొగ పెంచాడట. అసలు లోపం ఎత్తులో ఉంది. హుడిని ఒక యూనిట్‌ను ఒక మీటరుగా తీసుకుని, గురుత్వాకర్షణను 9.81 దగ్గర పెడుతుంది. ఇతని భవనం ఎత్తు ఒక్క యూనిట్! ముప్పై మీటర్ల పైనుంచి రాయి నేల చేరడానికి దాదాపు రెండున్నర సెకన్లు పడుతుంది, మీటరు పైనుంచి అర సెకను కూడా పట్టదు. మరి బొమ్మలా పడక ఏం చేస్తుంది? మీవాడిని అడిగి చూడండి, మెకానికల్ చదివినవాడు ఈ తప్పును నిమిషంలో పట్టేస్తాడు. ఆ ఆరేళ్లు వృథా అయ్యాయని ఎవరన్నా నమ్మకండి.

ఈ రంగం మీద కూడా నాకు భ్రమలు లేవు. 2013 ఫిబ్రవరిలో రిథమ్ అండ్ హ్యూస్ అనే ఎఫెక్ట్స్ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ వచ్చింది అదే నెలలో, ఆ సంస్థ పనిచేసిన చిత్రానికే. 2023లో హాలీవుడ్ రచయితలు, నటులు సమ్మె చేస్తే ఆ దెబ్బ ఎఫెక్ట్స్ స్టూడియోల మీదా పడింది. 2025 ఫిబ్రవరిలో ఎఫెక్ట్స్ స్టూడియోలు నడిపే టెక్నికలర్ గ్రూపు కుప్పకూలింది. పని తెలియక పోయిన ఉద్యోగాలు కావవి. ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే ఒప్పందం, తర్వాత మళ్లీ వెతుకులాట. ఇది మీవాడికి ఎవరూ చెప్పి ఉండరు, కోర్సు అమ్మేవాళ్లు అసలే చెప్పరు.

ఇప్పుడు మీతో ఒక మాట. ఏడాదిగా కొడుకు రాత్రిళ్లు మేల్కొని ఏం చేస్తున్నాడో ఒక్కసారైనా పక్కన కూర్చుని చూశారా? మీ ఉత్తరంలో అతని వయసుంది, ఉద్యోగముంది, కోర్సు ఎన్ని నెలలో ఉంది. అతను చేసిన ఒక్క షాట్ గురించి ఒక్క ముక్క లేదు. 29 ఏళ్లవాడి తరఫున మీరు ఉత్తరం రాయడం కూడా నాకు నచ్చలేదు. కోపం తెచ్చుకోకండి.

ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానవద్దు. నిజానికి ఉద్యోగం చేసుకుంటూ నేర్చుకోవడానికి ఇంత వీలైన విద్య తక్కువ. రాత్రి సిమ్యులేషన్, అంటే నీళ్లో పొగో ఎలా కదలాలో కంప్యూటర్ వేసే లెక్క, మొదలుపెట్టి పడుకోవచ్చు, కంప్యూటర్ తన పని తాను చేసుకుంటుంది. పొద్దున లేచేసరికి 80వ ఫ్రేము దగ్గర నీళ్లు గదంతా చిమ్మి ఉంటాయి. ఎందుకు చిమ్మాయో ఆఫీసుకు వెళ్తూ ఆలోచించుకోవచ్చు. అయితే నీటి కణాల మధ్య దూరం సగం చేస్తే కణాలు ఎనిమిది రెట్లవుతాయి, లెక్కకు పట్టే సమయమూ పెరుగుతుంది, అందుకని మొదట ముతకగా చేసి చూసుకోమనండి.

అయిదు సెకన్ల షాట్, అంటే సెకనుకు 24 చొప్పున 120 ఫ్రేములు, ఒక్కటి చాలు. తన ఫోనుతో తీసిన వీడియోలోనే నీరో నిప్పో కలపాలి. ఈ పనిలో ఉన్నవారెవరికైనా చూపించి, ‘నీళ్లు ఇంకా బరువుగా కనిపించాలి’ లాంటి దిద్దుబాట్లు తీసుకుని మళ్లీ చేయాలి. రేపటి ఉద్యోగం అచ్చంగా ఇదే. నాలుగోసారి కూడా విసుక్కోకుండా చేశాడంటే వయసు గురించి నేను బెంగపడను. 29 ఆలస్యమేమీ కాదు. మొదట జీతం తగ్గుతుంది, తనకంటే చిన్నవాళ్లు తప్పులు దిద్దుతారు, అదొక్కటే చేదు. నియామక పత్రం చేతికొచ్చి, పని లేని ఆరు నెలలు గడిచే డబ్బు పక్కన ఉంటే అప్పుడు రాజీనామా ఇవ్వమనండి.

షాట్ పూర్తయ్యాక నాకు పంపమనండి. ఆ ఉత్తరం మాత్రం అతన్నే రాయనివ్వండి.