మేడమ్‌తో అనలేనివన్నీ ఇంట్లో అంటున్నారు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఒక పరిశోధన సంస్థలో బయోఇన్ఫర్మాటిక్స్ సైంటిస్టుని, అంటే జన్యువుల డేటాని కంప్యూటర్‌లో విశ్లేషించే పని. ల్యాబ్ వాళ్లు ప్రయోగాలన్నీ పూర్తిచేసుకుని డేటా తెచ్చి నా మీద పడేస్తారు. కంప్యూటరే కదా చేసేది, రేపటికి ఇచ్చెయ్ అంటారు. తీరా పరిశోధన పేపర్ వచ్చాక రాసినవాళ్ల వరసలో నా పేరు మధ్యలో ఎక్కడో ఉంటుంది. బాబు పడుకున్నాక టెలిస్కోప్ పెట్టుకుని, వెలుగు మారుతూ ఉండే నక్షత్రాలను చూసి లెక్క రాసుకుంటాను. నాకున్న ఊరట అదొక్కటే. ఈ మధ్య ఇంట్లో అందరినీ విసుక్కుంటున్నానని, ఆ టెలిస్కోప్ కొన్నాళ్లు మూలపెట్టమని మావారు అంటున్నారు. హాబీ మానెయ్యాలా, ఉద్యోగం మానెయ్యాలా?

జవాబు: రెండూ మానక్కర్లేదమ్మా. మీరడిగినదానికి జవాబు అంతే.

మీ ఉత్తరం చాలా పెద్దది, పైన కుదించి వేశాను. అందులో మూడొంతులు ఆఫీసు చిరాకులే. ఒక ఫైలు జన్యువు స్థానాలను సున్నా నుంచి లెక్కపెడుతుందట, ఇంకోటి ఒకటి నుంచి మొదలుపెడుతుందట, ఆ ఒక్క అంకె తేడా పట్టుకోవడానికి పూటంతా పోతుందట. ఎక్సెల్‌లో తెరిస్తే సెప్ట్2 అనే జన్యువు సెప్టెంబరు రెండో తారీకు అయి కూర్చుంటుందట. ఈ గోల పడలేక జన్యువులకు పేర్లు పెట్టే కమిటీయే దిగివచ్చి, 2020లో ప్రకటించిన నియమాల్లో ఆ పేర్లు మార్చేసిందని, సెప్ట్2 కాస్తా సెప్టిన్2 అయిందని, మీ ల్యాబ్ వాళ్లు మాత్రం ఇంకా పాత ఫైళ్లే పంపుతున్నారని రాశారు. నవ్వొచ్చింది, నిజం చెప్పొద్దూ. ఒక సాఫ్ట్‌వేర్ మొండితనానికి జన్యువుల పేర్లే సర్దుకోవాల్సి వచ్చింది, మీ ఇంట్లో వాళ్లు కూడా ఇప్పుడు మీ కోపానికి అలాగే సర్దుకుంటున్నారు. కానీ తారీకులుగా మారిన జన్యువుల వల్ల ఎవరూ అత్తగారి మీద అరిచి తలుపు వేసుకోరు. అసలు సంగతి వేరే ఉంది.

ఉత్తరం నిండా మేడమే ఉన్నారు. పీహెచ్‌డీలో మీ గైడ్. ఫెలోషిప్ డబ్బు ఆగిపోయినప్పుడు తన ఇంట్లో ఉంచుకున్నారు, ఈ ఉద్యోగానికి ఆవిడే సిఫారసు చేశారు, బాబు పుట్టినప్పుడు అందరికంటే ముందు హాస్పిటల్‌కి వచ్చారు. ‘మా అమ్మ తర్వాత అమ్మ’ అని రాశారు. శుక్రవారం సాయంత్రం డేటా వచ్చిపడేది ఈ అమ్మ ల్యాబ్ నుంచే, మీ పేరు మధ్యలో ఇరికించేదీ ఈవిడే. వేరే ల్యాబ్ వాళ్లు ఇదే పని చేస్తే ముఖం మీదే చెప్పి పంపించానని మీరే రాశారు, వాళ్లు మర్యాదగా సర్దుకున్నారు కూడా. అంటే మీకు నోరు లేక కాదు, ‘తల్లీ, ఇది కాస్త చూడు’ అని ఆవిడ అనగానే ఆ నోరు పడిపోతోంది.

సంఖ్యాశాస్త్రవేత్త ఫిషర్ 1938లో అన్న మాట ఒకటి మీ బల్ల ఎదురుగా గోడకి అంటించుకున్నారట. ప్రయోగం అయిపోయాక సంఖ్యాశాస్త్రవేత్తని పిలవడమంటే పోస్ట్‌మార్టం చెయ్యమనడమే, అది ఏ జబ్బుతో చచ్చిందో చెప్పగలడేమో, అంతే అని. బాగుంది. మేడమ్ మీ గదికి వచ్చిన రోజున ఆ కాగితం పీకి సొరుగులో పెట్టారట. ఉత్తరం మొత్తంలో నేను ఆగిపోయింది అక్కడే. ఆ మాట వినాల్సిన మనిషి వచ్చేసరికి దాచేశారన్నమాట!

ఇక మీరు మామూలు చిరాకుల మధ్య ఏదో చిన్న సంగతిలా కలిపి రాసిన ఆ పేపర్ విషయం. జబ్బు ఉన్నవాళ్ల శాంపిళ్లన్నీ ఒక విడతలో నడిపారు, లేనివాళ్లవన్నీ ఇంకో విడతలో. ఇప్పుడు కనబడుతున్న తేడా జబ్బు వల్ల వచ్చిందా, విడత మారడం వల్ల వచ్చిందా అన్నది ఏ లెక్కా విడదీయలేదని మీకు తెలుసు, మేడమ్‌కి చెప్పారు కూడా, నసుగుతూ. ‘ఏదో ఒక కరెక్షన్ పెట్టెయ్ తల్లీ, రివ్యూయర్లు అడిగితే అప్పుడు చూద్దాం’ అన్నారావిడ. మీరు పెట్టేశారు. అమ్మా, ఇది మొహమాటం దాటిపోయిన సంగతి. నేను గురువులకు కాళ్లకు దణ్ణం పెట్టే తరం మనిషిని, ఉపకారం మరిచిపోయేవాళ్లంటే నాకు గిట్టదు. ఆవిడకి ఒంట్లో బాగోకపోతే వెళ్లి సేవ చెయ్యండి, ఆవిడ రిటైరైన రోజున మొదటి వరసలో కూర్చోండి. తప్పని తెలిసిన లెక్క కింద పేరు పెట్టడం మాత్రం గురుదక్షిణ లెక్కలోకి రాదు.

రాత్రిపూట మీరెలా ఉంటారో మీరే రాశారు, అదీ చూసుకోండి. పక్కనున్న, వెలుగు ఎంతో తెలిసిన నక్షత్రాలతో పోల్చి అంకె వేస్తారు. మబ్బు అడ్డొస్తే ఊహించి రాయరు, ఆ రోజు ఖాళీగా వదిలేస్తారు. ‘మీరా’ అనే నక్షత్రమైతే దాదాపు పదకొండు నెలలకోసారి వెలిగి మసకబారుతుందట, దానికోసం నెలల తరబడి ఓపిక పట్టారు. 1911 నుంచి ఇలాంటి లెక్కలు పోగుచేస్తున్న ఆవ్సో (AAVSO) అనే నక్షత్ర పరిశీలకుల సంఘానికి పంపుతారు, అక్కడ మీకంటూ ఒక కోడ్ ఉంది, మీరు చూసింది మీ కోడ్ కిందే ఉంటుంది, మధ్యలో ఇరికించేవాళ్లు లేరు. అందుకే అక్కడ హాయిగా ఉంది. ఎక్కడో ఉన్న నక్షత్రం విషయంలో ఇంత నిక్కచ్చిగా ఉండే మనిషి రోగుల డేటా దగ్గరికి వచ్చేసరికి తల ఊపేస్తే ఒంటికి పడుతుందా? ఆ పడనిదంతా ఇంటికి తెచ్చి కక్కుతున్నారు.

మీవారికి టెలిస్కోప్ మీద కోపమేం లేదు. మేడమ్‌ని ఒక్క మాటంటే మీరు ఊరుకోరని ఆయనకు తెలుసు, అందుకని తిరిగి మాట్లాడని వస్తువు మీద పడ్డారు. అదీ ఒక రకం పిరికితనమే, ఇది ఆయనకి చదివి వినిపించండి.

ఈ వారమే మేడమ్‌కి మెయిల్ రాయండి, ఫోన్ వద్దు, ఫోన్‌లో ‘తల్లీ’ అనగానే మీరు కరిగిపోతారు. విడతల సంగతి పొడిగా, ఆవిడ తప్పు అన్న మాట ఎక్కడా లేకుండా రాయండి. రెండు రకాల శాంపిళ్లూ కలిపి ఒకే విడతలో మళ్లీ కొన్ని నడిపితే మీరు కూర్చుని చేస్తానని, కుదరదంటే మీ పేరు తీసెయ్యమని రాయండి. ఇకమీదట ప్రయోగం మొదలుపెట్టకముందే పిలవమని, పేపర్‌లో ఎవరి పేరు ఎక్కడో కూడా అప్పుడే అనుకుని రాసుకుందామని చివర్లో చేర్చండి. బాధపడతారు. కొన్నాళ్లు ముభావంగా ఉంటారు, ‘నేను చేసిందంతా మర్చిపోయావా’ అని కూడా అంటారేమో. మర్చిపోలేదని చెప్పండి, మెయిల్ మాత్రం వెనక్కి తీసుకోకండి.

అత్తగారి సంగతికి మెయిల్ దాకా ఆగక్కర్లేదు. రోజూ బాబుని చూసుకుంటున్న మనిషిని పట్టుకుని ‘మీకేం అర్థమవుతుంది’ అన్నారు, ల్యాబ్‌లో ఎవరైనా మిమ్మల్ని ఆ మాటంటే వారం రోజులు నిద్రపోరు. ఈ రాత్రి టెలిస్కోప్ తీసేముందు ఆవిడ గదికి వెళ్లండి, మీవారిని మధ్యలో పెట్టకుండా.