కొలవకముందే కట్టిన మెట్లు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి: మనుషుల్ని జాతులుగా విడదీసి, ఎవరు ఎక్కువో ఎవరు తక్కువో శాస్త్రం పేరుతో తేల్చిన చరిత్ర. నేను చెన్నైలో ఏళ్ళ తరబడి మానవశాస్త్రం బోధించినదాన్ని. అందుకే మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, శీర్షిక అంతా వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: దక్షిణాది కులాలు, తెగల గురించి వందేళ్ళ కిందట అచ్చయిన ఏడు సంపుటాలు మా మనవడు తెచ్చాడు. వాటిలో మనుషుల ముక్కు కొలతలు పట్టికలు పట్టికలుగా ఉన్నాయి. ముక్కు కొలిస్తే ఏమి తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై

జవాబు: అవి ఎడ్గార్ థర్స్టన్, కె. రంగాచారి కలిసి 1909లో తెచ్చిన సంపుటాలు. థర్స్టన్ 1885 నుంచి 1908 వరకు మన ఎగ్మోర్ మ్యూజియానికి సూపరింటెండెంటు. వాటిలో పెళ్ళి తంతులు, వృత్తులు, కులకథలు బోలెడన్ని ఉన్నాయి. వాటికి ఇప్పటికీ విలువ ఉంది. మీ మనవణ్ణి చదవనివ్వండి.

కొలతల సంగతి వేరు. ముక్కు వెడల్పును పొడవుతో భాగించి, వందతో హెచ్చవేస్తే వచ్చేది ముక్కు సూచిక. 70 లోపు ఉంటే సన్నముక్కు, 85 దాటితే వెడల్పు ముక్కు, మధ్యలోది మధ్యరకం. పొడవు 50 మిల్లీమీటర్లు, వెడల్పు 34 అయితే సూచిక 68, అంటే సన్నముక్కు. వెడల్పు 36 అయితే సూచిక 72, అంటే మధ్యరకం. రెండు మిల్లీమీటర్లకే వర్గం మారిపోయింది! మా ప్రయోగశాలలో విద్యార్థినులకు ఒకరి ముక్కు ఒకరి చేత కొలిపించేదాన్ని. ముక్కు ఎముక ఎక్కడ మొదలవుతుందో వేలితో తడిమి పోల్చుకోవాలి. ముక్కుపుటాల దగ్గర కాలిపర్‌ను, అంటే రెండు కొనల మధ్య దూరం కొలిచే పరికరాన్ని, నొక్కకుండా ఆనించాలి. ఒకే ముక్కును ఇద్దరు కొలిస్తే అంకె కాస్తో కూస్తో మారేది.

ఇలాంటి అంకెల మీద హెర్బర్ట్ రిస్లీ అనే అధికారి ఏకంగా ఒక సూత్రమే కట్టాడు. ముక్కు వెడల్పు పెరిగేకొద్దీ కులం స్థాయి తగ్గుతుందన్నాడు. 1901 జనగణనకు కమిషనరు ఆయనే. కులాలను సామాజిక హోదా వరుసలో పేర్చమని ఆదేశించాడు. తమను పై వరుసలో చేర్చమని దేశమంతటి నుంచీ కులసంఘాలు అర్జీలు పెట్టుకున్నాయి. తరువాత సామాజిక శాస్త్రవేత్త జి.ఎస్. ఘుర్యే ఆ కొలతలనే తిరగేసి, ఉత్తరాన ఒక ప్రాంతం దాటితే సూత్రం నిలవదని 1932లో చూపించాడు. బ్రాహ్మణులు, అస్పృశ్యులు వేర్వేరు జాతులనే వాదాన్ని 1948లో అంబేడ్కర్ ఈ ముక్కు కొలతలతోనే పడగొట్టారు. వెడల్పుకు వేడి, గాలిలో తేమ కూడా కారణమని 1923 నాటికే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు రాశారు.

ఒక్క సంగతి చెప్పకుండా ఉండలేను. వయనాడులో థర్స్టన్‌ను చూసి పణియ తెగ స్త్రీలు పారిపోయారట. తమలో మేలైనవారిని చంపి, గడ్డి కూరి మ్యూజియంలో నిలబెడతాడని వాళ్ళ భయం. ఆయన దాన్ని వింతగా రాసుకున్నాడు. ప్రపంచమంతటా మ్యూజియాల్లో మనుషుల పుర్రెలు, అస్థిపంజరాలు పేర్చి పెట్టిన కాలం అది. ఆ తల్లుల భయాన్ని అమాయకత్వమని నేను ఎన్నడూ అనుకోలేదు.

ప్రశ్న: మా అపార్టుమెంటులో ఒక ఉత్తరాది కుటుంబం "మేము ఆర్యులం, మీరు ద్రావిడులు" అంటూ ఉంటుంది. తెలుగువాళ్ళది నిజంగా వేరే జాతా?
– ఒక గృహిణి, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: మన భాష ద్రావిడ భాష, అమ్మా. అంతవరకే. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ, తమిళ కన్నడాలతో ఒకే కుటుంబమనీ 1816లో మద్రాసులోనే ఎల్లిస్ అనే అధికారి సాక్ష్యాలతో నిరూపించాడు. క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి ఆయన రాసిన ముందుమాటలో అది ఉంది. 1856లో కాల్డ్వెల్ అనే క్రైస్తవ మతబోధకుడు దాన్ని ఇంకా విస్తరించాడు. భాష చెవిన పడితే వస్తుంది, రక్తంలో రాదు. మా వీధిలో తెలుగు ఇళ్ళ పిల్లలు తమిళంలో పోట్లాడుకుంటారు. ఆర్య భాషల గురించి జీవితమంతా రాసిన మాక్స్ ముల్లరే 1888లో తెగేసి చెప్పాడు: ఆర్య రక్తం, ఆర్య జుట్టు అనడం పొడవు తల నిఘంటువు, గుండ్రటి తల వ్యాకరణం అన్నంత తప్పు అని.

ఇక రక్తం సంగతి. హైదరాబాదులోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు అమెరికా పరిశోధకులతో కలిసి 2009లో జన్యువులను పరిశీలించారు. నేటి భారతీయుల్లో దాదాపు అందరూ పాతకాలపు రెండు జనసమూహాల కలయికే, పాళ్ళలోనే తేడా. ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందటి మధ్య విస్తారంగా జరిగిందని 2013లో లెక్కగట్టారు. మీ పొరుగువారిలోనూ ఆ రెండు పాయలూ ఉన్నాయి, మీలోనూ ఉన్నాయి.

వారికి భగత్ సింగ్ థింద్ కథ చెప్పండి. తాను ఆర్యుణ్ణి, అగ్రకులంవాణ్ణి, కాబట్టి తెల్లవాణ్ణే అని ఆయన అమెరికా పౌరసత్వం కోసం వాదించాడు. 1923లో అక్కడి సుప్రీంకోర్టు కాదు పొమ్మంది. తెల్లవాళ్ళకే పౌరసత్వం ఎందుకు అని నిలదీయకుండా, తానూ పై మెట్టువాణ్ణే అని నిరూపించుకోబోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ప్రశ్న: ఆ శాస్త్రవేత్తలు తమ కాలపు నమ్మకాల మధ్య బతికారు. ఈనాటి ప్రమాణాలతో వాళ్ళను తప్పుపట్టడం న్యాయమేనా?
– ఒక విద్యార్థి, తాంబరం, చెన్నై

జవాబు: బాబూ, వాళ్ళ కాలపు ప్రమాణాలతోనే చూద్దాం.

ఫిలడెల్ఫియాలో శామ్యూల్ మోర్టన్ అనే వైద్యుడు పుర్రెలు పోగేశాడు. వాటిలో మొదట గింజలు, తరువాత సీసపు గుళ్ళు పోసి లోపలి పరిమాణం కొలిచాడు. తెల్లవారిది అన్నిటికన్నా పెద్దదనీ, నల్లవారిది చిన్నదనీ 1839లో ప్రకటించాడు. బానిసత్వాన్ని సమర్థించేవారికి అది ఆయుధమైంది. దానికి మూడేళ్ళ ముందే, 1836లో, జర్మనీలోని హైడెల్‌బర్గ్ ఆచార్యుడు టీడెమన్ కూడా పుర్రెల్లో చిరుధాన్యం పోసి కొలిచాడు. ఒక్కొక్క సమూహంలో చిన్నవీ పెద్దవీ అన్నీ ఉన్నాయి, ఒకదానితో ఒకటి కలిసిపోతున్నాయి. కాబట్టి నల్లవారి మెదడు తక్కువదనడానికి ఆధారం లేదన్నాడు, బానిసత్వం తప్పన్నాడు. ఇద్దరి అంకెలూ పెద్దగా తేడా లేనివే. మోర్టన్ కొలతల్లో అతనికి తెలియకుండానే పక్షపాతం చొరబడిందని ఒకప్పుడు ప్రచారమైంది. 2011లో ఆ పుర్రెలను మళ్ళీ కొలిస్తే చాలావరకు సరిగ్గానే వచ్చాయి. నాకు దీనిలోనే అసలు పాఠం కనిపిస్తుంది. మోర్టన్ కొలత సరైనదే. అయితే ఎవరిని ఏ మెట్టు మీద నిలబెట్టాలో కొలవకముందే అతని మనసులో ఉంది.

ఆర్యజాతి ఆధిక్యం మీద ఫ్రెంచి రచయిత గోబినో 1853లో మొదలుపెట్టి సంపుటాలు రాస్తే, హైతీ దేశపు నల్లజాతి పండితుడు ఆంతెనోర్ ఫిర్మిన్ 1885లో పారిస్‌లో గట్టి జవాబు అచ్చువేశాడు. అక్కడి మానవశాస్త్ర సంఘంలో ఆయనా సభ్యుడే. చెప్పినవారు లేక కాదు, వినదలచుకోలేదు. మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయాస్ అమెరికాలో, న్యూయార్కులో దాదాపు 18,000 మంది వలసదారులనూ వారి పిల్లలనూ కొలిచి, జాతికి చెరగని గుర్తు అనుకున్న తల ఆకారం ఒక్క తరంలోనే మారుతోందని 1911 ప్రాంతంలో ప్రభుత్వానికే నివేదించాడు. అయినా 1924లో దేశాలవారీగా వలసలకు కోతపెట్టే చట్టం అక్కడ వచ్చింది. 'పనికిరాని సంతానం' కంటారని ముద్రవేసినవారికి బలవంతపు కుటుంబనియంత్రణ ఆపరేషన్లు సబబేనని 1927లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అక్కడ అలా 60,000 మందికి పైగా బలయ్యారు. అక్కడి నమూనా చట్టాన్ని చూసుకుని 1933లో నాజీలు అలాంటి చట్టమే తెచ్చారు. ఆ నమూనా రాసిన హ్యారీ లాఫ్లిన్‌కు 1936లో గౌరవ డాక్టరేటు ఇచ్చింది ఏ విశ్వవిద్యాలయమో తెలుసా? టీడెమన్ పాఠాలు చెప్పిన హైడెల్‌బర్గే.

మన దగ్గర 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా విస్తరించారు. పుట్టుకతోనే దొంగలని ముద్రవేసి ఎరుకల కుటుంబాలను బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో కాపలా మధ్య ఉంచారు. చట్టం పోయి ఇన్ని దశాబ్దాలైనా ఆ ఊరి పేరు చెబితే ఉద్యోగం ఇవ్వడానికి జంకినవారున్నారు. వాళ్ళ ముందు నిలబడి "అది ఆ కాలం" అని సర్దిచెప్పగలవా?

ప్రశ్న: మేము ఆర్యవైశ్యులం. మావారి ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు కులం అడిగారు. నాకు కోపం వచ్చింది. ఇదీ ఆ పాత జాతి శాస్త్రమే కదా?
– ఒక పాఠకురాలు, విల్లివాక్కం, చెన్నై

జవాబు: మీ కోపం నాకు అర్థమవుతుంది, కానీ ఆ డాక్టరు జాగ్రత్తపరుడు. శ్వాసగొట్టం వేసేటప్పుడు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. మామూలుగా దాని ప్రభావం కొద్ది నిమిషాల్లో పోతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైము కొందరిలో పుట్టుకతోనే ఉండదు. వాళ్ళు గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేరు. ఆర్యవైశ్యుల్లో ఈ లోపం ఎక్కువగా కనిపిస్తుంది. కొద్దిమంది పూర్వీకులతో మొదలై, తరతరాలుగా లోపలే పెళ్ళిళ్ళు చేసుకున్న ఏ సమూహంలోనైనా ఏదో ఒక లోపం ఇలా పేరుకుంటుంది. ఇందులో ఎక్కువ తక్కువలు లేవు. పైగా కులం ఒక సూచన మాత్రమే, తేల్చేది రక్తపరీక్ష. ఆ ఎంజైము పరీక్ష చేయించండి. మీవారి వైపు ఎవరికైనా ఆపరేషన్ తరువాత తేరుకోవడానికి చాలాసేపు పట్టిందేమో పెద్దవాళ్ళను అడిగి డాక్టరుకు చెప్పమని మీవారితో అనండి. ఫలితం తక్కువగా వస్తే ఆ కాగితం నకలు ఆయన తోబుట్టువులకు కూడా ఇవ్వండి.