వరి కుచ్చులు అల్లడానికి గడ్డి ఎక్కడ తెచ్చుకోవాలి?

సంక్రాంతికి చూరున వేలాడదీసే వరి కుచ్చులకు ఏ రకం గడ్డి మంచిది, హైదరాబాదులో ఎక్కడ కొనుక్కోవాలి అని మీరు అడిగారు. కొనే ఆలోచన మానుకోండి. మేతగా అమ్మేది నూర్చిన గడ్డి కనుక దానికి వెన్ను, అంటే గింజల కంకి, ఉండదు. యంత్రం కోసినదైతే కాడ కూడా చితికి ఉంటుంది. కుచ్చుకు కావలసింది గింజలతో ఉన్న వెన్ను, దాని కింద పై కణుపు వరకు ఉండే నున్నని కాడ మాత్రమే.

మా ఊరు పశ్చిమ గోదావరి డెల్టాలో ఉంది. కొన్నేళ్ల క్రితం డిసెంబరులో నాకు సెలవు దొరికేసరికి మా పెదనాన్నగారి చేను కోత అయిపోయి, పనలు, అంటే కోసి పరిచిన వరి, నాలుగు రోజులుగా మంచుకు తడుస్తూ, ఎండకు ఎండుతూ పడి ఉన్నాయి. కోసే శ్రమ తప్పిందని సంబరపడి ఒక పన ఎత్తుకొచ్చి అరుగు మీద కూర్చున్నాను. మూడు పాయలు వేసి బిగించగానే కాడలు పుటుక్కుమన్నాయి, గింజలు ఒళ్లో రాలాయి. తడిగుడ్డలో చుట్టి ఉంచితే కాడలు మెత్తబడ్డాయి గానీ గింజలు రాలడం ఆగలేదు. సాయంత్రానికి నా చేతిలో చీపురు మిగిలింది. ఏటా గుడికి కుచ్చులు కట్టే తాతగారు అది చూసి, ఇంకా కోయని పక్క చేనుకు నన్ను తీసుకువెళ్లి, గింజ పసుపెక్కినా కణుపు దగ్గర పచ్చదనం పోని దుబ్బులను చూపించి, "ఈ పచ్చ ఉండగానే కోసుకోవాలి బాబూ" అన్నారు. మంచు ఆరాక కోసి, వెన్ను కింద ఉండే చివరి ఆకు, అంటే పోటాకు, ఒలిచి, గుప్పెళ్లుగా కట్టి, అయిదు రోజులు నీడలో తలకిందులుగా వేలాడదీశాము. ఆ కుచ్చు మరుసటి సంక్రాంతి దాకా రంగు మారలేదు.

రకం విషయంలో స్వర్ణను మించినది లేదని నా వాదన. మారుటేరు వరి పరిశోధన స్థానం 1982లో ఎం.టి.యు. 7029 అనే సంఖ్యతో ఇచ్చిన ఆ రకం పొట్టు రంగు దాని పేరుకు తగినట్టే ఉంటుంది. సాంబ మసూరి అనే మరో రకం గింజ సన్నం కావడంతో కుచ్చు పలుచగా కనిపిస్తుంది. మా జిల్లా ఆచంటలో రైతు నెక్కంటి సుబ్బారావుగారు 1967లో ఐ.ఆర్. 8 అనే పొట్టి వరి పండించిన నాటి నుంచి పొట్టి రకాలు వచ్చి కాడ పొడవు తగ్గిందని పెద్దలు వాపోతారు. అల్లుతూ కొత్త కాడను పాయలో దూర్చుకుంటూ పోవచ్చు కనుక అది నాకు పెద్ద లోటుగా తోచదు. అసలు చిక్కు కోత యంత్రంతోనే, ఎందుకంటే వంతు వచ్చిందంటే అర్ధరాత్రయినా చేను ఖాళీ చేసి పోతుంది. అందుకే కోతకు పది రోజుల ముందే రైతుకు ఫోను చేసి, గట్టు వెంబడి నాలుగు దుబ్బులు ఉంచమని అడగండి. మీకు దగ్గరలో తెలంగాణ వానాకాలం పంట మా డెల్టా కంటే ముందే కోతకు వస్తుంది కనుక దసరా నుంచే వాకబు మొదలుపెట్టండి.

వరి రసం పీల్చే పురుగు సుడిదోమకు చివరిసారి మందు ఎప్పుడు కొట్టారో కూడా తప్పక అడగండి. ఆ గింజలు తినేది పిచ్చుకలు. తెచ్చిన గుప్పెళ్లను గోనెసంచిలో కుక్కి అటక మీద పెట్టవద్దు. నేను అలా దాచిన ఏడాది, పిచ్చుకల కంటే ముందు ఎలుకలు పండగ చేసుకున్నాయి.